సూది పడ్డది

లింగంపల్లి,
జనవరి 1999

కనకం పిన్నీ,

ఎస్‌టీడీ బూత్‌లో వెనక నలుగురు నిలబడి ఉండగా చెప్పే సంగతి కాదిది, అందుకే రాస్తున్నాను. నాన్నకు మాత్రం చెప్పకు. మా అమ్మాయి హైటెక్ సిటీ పక్కన ఏసీ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సని మొన్ననే ఊరంతా చాటుకున్నాడు. పోయిన వారం మా క్యాజువాలిటీలో ఒక మనిషి నా కళ్ళముందే పోయాడు పిన్నీ.

పేరు పుల్లయ్య, ఊరు పుప్పాలగూడ. మాదాపూర్‌లో లేస్తున్న మేడలకు బండలు పాలిష్ పట్టే పని. కాలికి రాయి గీసుకుంటే పట్టించుకోలేదట, చీము పట్టి వాచిపోయింది. కాంట్రాక్టరు జీపులో తెచ్చి దింపి వెళ్ళిపోయాడు. కుంటుతూనే గాని, తన కాళ్ళ మీద తను నడిచి లోపలికొచ్చాడు. ఆ వేళకు డ్యూటీ డాక్టరు దినేష్ గారు. ఆయనది బొంబాయి, తెలుగు నాలుగు ముక్కలకు మించి రాదు. ఆయన ఇంగ్లీషులో అడిగితే నేను తెలుగులో అడగాలి, వాళ్ళు చెప్పింది ఆయనకు చెప్పాలి. రోజూ చేసే పనే.

“ఇదివరకు ఎప్పుడైనా పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించారా?” అని, జ్వరంతో మూలుగుతున్న అతన్ని కాక, వెంట వచ్చిన భార్య రుక్కమ్మను అడిగాను. అక్షరం ముక్క రానిది, మందు పేరు మాత్రం నాకన్నా స్పష్టంగా పలికింది. “పెన్సిలిన్ సూది పడ్డది గాయనకు” అంది. చెయ్యి ఆడిస్తూ రెండోసారీ అదే అంది. ఇదివరకే పడింది, ఏ ఇబ్బందీ లేదు అని డాక్టరుగారికి చెప్పాను. ఆయన కంప్యూటర్లో ‘ఎస్’ కొట్టారు. ఇక్కడ అన్నీ కంప్యూటరే. ఇదివరకు వాడాడని కొడితే, ముందు చర్మం కింద కొంచెం వేసి చూడమనే లైను తెర మీద రానే రాదు. ఆర్డరొచ్చింది, నేను ఇంజెక్షన్ చేశాను. దూది ఇంకా నా చేతిలోనే ఉంది, మనిషి గొంతు పట్టుకున్నాడు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి. చెయ్యాల్సినవన్నీ చేశాం. దక్కలేదు.

ఆ పూట నుంచి చూడాలి మా వాళ్ళ నాటకం! నేను కంప్యూటర్ చూసే రాశాను అంటారు డాక్టరుగారు. మీరేది కొడితే అదే చూపిస్తుంది, మీ డాక్టర్లు అడిగినట్టే చేసిచ్చాం అంటాడు సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన వినయ్. నా నర్సుకు చెప్పిన పని చేయడమే తెలుసు అంటారు మా మేట్రన్. మా అడ్మినిస్ట్రేటరు పార్థసారథి గారు ఎంక్వైరీ కమిటీ వేశారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను విన్నది చెప్పాను, చెప్పింది చేశాను. నాదేం తప్పు పిన్నీ? నన్ను ఈ నర్సింగులోకి తోసింది నువ్వే. ధైర్యం చెప్పాల్సిందీ నువ్వే.

నీ
సంయుక్త


పాలకొల్లు,
ఫిబ్రవరి 1999

ఒసే సంయుక్తా,

నీ ఉత్తరం వార్డులోనే చదివాను. చదివి ఆ మొగుడూ పెళ్ళాల గురించే ఆలోచిస్తూ కూర్చుంటే, హెడ్ నర్సమ్మకు ఒంట్లో బాలేదేమోనని పేషెంట్లే నన్ను పరామర్శించారు. కాలు నొప్పని వచ్చినవాడు కాటికి పోవడమేమిటే? ఆ రుక్కమ్మ మొహం నేను చూడలేదు గాని, చూసినట్టే ఉంది.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మీ ఏసీ ఆస్పత్రిలో ఆ పిడికెడు పట్టడానికీ చెయ్యి చాచే నాథుడు లేడన్నమాట! డాక్టరు మిషన్ని చూపించె, మిషన్ వాడు డాక్టర్ని చూపించె, మేట్రనేమో తన చీర కుచ్చిళ్ళు తడవకుండా పక్కకు జరిగె. ముందు కొంచెం వేసి చూడాలని ఆ డాక్టరుకు ఒక తెర చెప్పాలా? మా దగ్గర ఫ్యాన్లు తిరగవు, మందులు సమయానికి రావు, అయినా ఆ చుక్క వెయ్యకుండా పెన్సిలిన్ ముట్టుకోం.

నువ్వు మాత్రం కమిటీ ముందు దొంగలా తల వంచుకుని నిలబడకు. విన్నది విన్నట్టు చెప్పు. నీ వల్ల తప్పుంటే అదీ చెప్పు. మంచం మీద మనిషి మన చేతికి ఒళ్ళప్పగించేది ఏ నమ్మకంతో? ఇంజెక్షన్ చెయ్యడం ఎవరైనా నేర్పుతారు, ఇది మాత్రం నేను నీకు నేర్పాను. నిజం చెప్పి చెడినవాళ్ళని నేను చూడలేదు.

ఇంతవరకూ రాసి మడిచాక మళ్ళీ విప్పాను. నా పెళ్ళికి ముందు సిద్దిపేట వైపు పనిచేశానని నీకు తెలుసుగా. అక్కడ కొన్ని ఊళ్ళల్లో ‘పడదు’ అనడానికి ‘పడది’ అంటారు. మనం వంకాయ పడదు అంటామే, అలా. వెళ్ళిన కొత్తలో నేనే తికమక పడ్డాను. ఆమె ‘పడ్డది’ అందా, ‘పడది’ అందా? ఇంకో సంగతి కూడా నాకు మింగుడు పడటం లేదు. చదువు రాని మనిషికి మందు పేరు అంత నోటికెలా వచ్చింది? పడిన మందు పేరు ఎవరికీ గుర్తుండదే. పడని మందు పేరే జనం కంఠతా పడతారు. ఏమీ కాకపోవచ్చు. ఊరికే అడిగాను.

పిన్ని


లింగంపల్లి,
ఫిబ్రవరి 1999

పిన్నీ,

పడది అనే అంది.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నా చెవిని నేనే తిట్టుకుంటూ తిరిగాను. మూడో రోజు వార్డులో ఒకామె పక్కమంచం ఆమెతో “మా పిల్లకు బర్రెపాలు పడది, ఎంటనే కక్కుతది” అంటోంది. నేను అక్కడే ట్రే పట్టుకుని ఉన్నాను. ముందు నాకు ‘పడ్డది’ అనే వినపడింది! పాలు పడితే కక్కడమేమిటని అనుకున్నాక గాని అర్థం కాలేదు. ట్రే పక్కన పెట్టేసి స్టోర్ రూములోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి. రుక్కమ్మ చెయ్యి ఆడించింది వద్దని. సూది పొడిచినట్టు చూపిస్తోందని నేననుకున్నాను. రెండోసారి చెప్పింది నాకు అర్థం కాలేదని. నేనేమో, సరేనమ్మా విన్నాను, విన్నాను అని విసుక్కున్నాను. ఎప్పుడో ఇలాగే ఏ గాయమో అయినప్పుడు అతనికి ఆ సూదితోనే ప్రాణం మీదికొచ్చి ఉంటుంది. ఆ పేరు మర్చిపోవద్దని ఎవరో పుణ్యాత్ముడైన డాక్టరు చెప్పి ఉంటాడు. ఆమె మర్చిపోలేదు పిన్నీ. రాని భాషలో ఒక్క మాట నేర్చుకుని, కావలసినప్పుడు కావలసిన చోట చెప్పింది. ఆమె భాష వచ్చీ వినలేనిదాన్ని నేను.

మేమిక్కడ సగం మందిమి మన జిల్లాల వాళ్ళమే. ఈ ఊరి భాష విని వెనకాల నవ్వుకుంటాం. ‘ఏంది, గిట్ల’ అని ఒకరినొకరం ఆటపట్టించుకుంటాం. నేనైతే మరీను, హాస్టల్లో ఈ యాస అనుకరించి అందర్నీ నవ్వించేదాన్ని. అనుకరించడం వచ్చింది గాని అర్థం చేసుకోవడం రాలేదు.

వచ్చేవారం కమిటీ. నువ్వు రాసినట్టే చేస్తాను. ఆమె సరిగానే చెప్పింది, నేను తప్పు విన్నాను అని చెప్పేస్తాను. భయంగానే ఉంది. కానీ నీ మాట తలుచుకుంటే కొంచెం నిమ్మళంగా ఉంది.

సంయుక్త


పాలకొల్లు,
ఫిబ్రవరి 1999

సంయుక్తా, నా తల్లీ,

వద్దు. ఈ ఉత్తరం నీకు కమిటీకి ముందే అందాలని ఆంజనేయస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. నోరు విప్పకు.

ఆ పడది ముక్క నేనెందుకు రాశానో! నా చెయ్యి విరిగిపోను. ఆ ఉత్తరం చింపి పారెయ్. ఆమె ఏమందో దేవుడికే తెలుసు. నీకు వినపడింది ‘పడ్డది’. అంతే చెప్పు. అది అబద్ధం కాదుగా?

తప్పుంటే చెప్పమన్నది నేనే, ఒప్పుకుంటాను. ఇంకొకరి పిల్లయితే ఇప్పుడూ అదే చెబుదును, బుగ్గ మీద ఒకటిచ్చి మరీ చెబుదును. నువ్వు మా అక్క కూతురివి. అక్కను చితి మీద పెట్టొచ్చిన రోజు నుంచి నువ్వు నా చెయ్యి పట్టుకుని పెరిగావు. నీ రిజిస్ట్రేషన్ రద్దు చేస్తే మళ్ళీ ఏ ఆస్పత్రి గడప తొక్కుతావు? పోలీసు కేసంటే మీ నాన్న గుండె ఆగిపోదూ? డాక్టరేమో తప్పించుకుంటాడు, మిషన్ వాడు తప్పించుకుంటాడు, ఆ పార్థసారథికి గీత కూడా పడదు. అందరి పాపమూ నీ ఒక్కదాని నెత్తిన రుద్ది, చూడండి, మేం న్యాయం చేశాం అని చేతులు దులుపుకుంటారు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, నువ్వు దొరికావు వాళ్ళకి. అసలు ఒక మనిషి ప్రాణం ఒక పిల్ల చెవి మీద వేలాడేట్టు ఏర్పాటు చేసిందెవరే? వాళ్ళని కదా అడగాలి!

కోపగించుకోకు. నేను చెప్పే మాటకు నేనే సిగ్గుపడుతున్నాను. అయినా చెబుతున్నాను. నోరు మూసుకో.

మీ పిన్ని


లింగంపల్లి,
మార్చి 1999

పిన్నీ,

నీ ఉత్తరం కమిటీకి ముందే అందింది. చదివి కూడా చెప్పేశాను. నువ్వేం కంగారు పడకు. నన్నెవరూ ఏమీ అనలేదు. అదే నా ఏడుపు.

నేను చెబుతున్నంతసేపూ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూడలేదు, పార్థసారథి గారిని చూశారు. రాసుకుంటున్నావిడ పెన్ను ఆపేసింది. ఆయన నాకు మంచినీళ్ళు తెప్పించారు.

“చూడు సంయుక్తా, నీ సిన్సియారిటీ నాకర్థమైంది. జర కూల్‌గా ఆలోచించు. నువ్వు తప్పు విన్నావని రాస్తే, ఇక్కడి మాట అర్థం కాని నర్సుని ఎందుకు పెట్టుకున్నారంటారు. ఒక్క నర్సు మాట మీద డాక్టర్ టెస్ట్ ఎట్ల వదిలేశాడంటారు. సాఫ్ట్‌వేర్ ఎట్ల వదలనిచ్చిందంటారు. తీగ లాగితే డొంకంతా కదుల్తది.”

“కదలనివ్వండి సార్, తప్పు నాది” అన్నాను.

“నీది కాదమ్మా. డాక్టర్‌ది కాదు, సిస్టమ్‌ది కాదు. ఎవరిదీ కాదు.”

“మరి ఎవరిదని రాస్తున్నారు?”

“పేషెంట్ తరఫు నుంచి సమాచార లోపం అని రాస్తున్నాం. అది తప్పు పట్టడం కాదు.”

“ఆమె సరిగానే చెప్పింది సార్.”

“నీకు సరిగా అందలేదు కదా? మరి అది లోపమే కదా?” అన్నారాయన, ఎంతో ఓపికగా.  తప్పు చేశానంటే కూడా ఒప్పుకోని చోట ఇంకేం మాట్లాడతాం? నేను మానసిక ఒత్తిడిలో ఉన్నానని చెప్పి వారం సెలవిచ్చారు. దినేష్ గారిని వేరే ఊరి బ్రాంచికి పంపేశారు. పోయే ముందు కారిడార్లో ఎదురుపడి, “సిస్టర్, నాకు నిద్ర లేదు” అని మాత్రం ఇంగ్లీషులో అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

సెలవు నుంచి వచ్చేసరికి రిసెప్షన్ దగ్గర కొత్త బోర్డు పెట్టారు. ‘మీ ఆరోగ్య వివరాలు సరిగా తెలుపుట మీ బాధ్యత’ అని, తెలుగులో, పెద్ద అక్షరాలతో. మా ఆస్పత్రి మనిషి ఒకడు కాంట్రాక్టరుతో కలిసి పుప్పాలగూడ వెళ్ళి, విచారణలో ఇలా తేలింది, మీ కోడలే సరిగా చెప్పలేదు అని వాళ్ళ వాకిట్లో నలుగురి ముందు చెప్పి వచ్చాడట. పుల్లయ్య తల్లి రాజమ్మ అక్కడికక్కడే కోడలి జుట్టు పట్టుకుందని, ఆ వెళ్ళొచ్చినవాడు క్యాంటీన్లో టీ తాగుతూ చెప్పాడు. మొగుణ్ణి చంపుకున్న ఆడది అని ఊళ్ళో అంటున్నారట పిన్నీ. నేను ఆ ఇంటికి వెళ్తాను. కమిటీ రాయకపోతే మానె, ఆమె సరిగా చెప్పిందని ఆమెకైనా తెలియాలి కదా.

సంయుక్త


పాలకొల్లు,
మార్చి 1999

సంయుక్తా,

నీ ఉద్యోగం నిలిచిందని చదివాక ఇన్నాళ్ళకు రెండు ముద్దలు సుఖంగా తిన్నాను. చెయ్యి కడుక్కున్నాక ఆ రుక్కమ్మ తింటోందో లేదో అనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ ఇంటికి వెళ్ళకే. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్ళు, కోపంలో చెయ్యి చేసుకున్నా దిక్కుండదు. పుండు మీద కారం చల్లినట్టవుతుంది గాని నీ మాట వల్ల పోయినవాడు వస్తాడా? నా మాట వినవని తెలుసు. వెళ్తే పగటిపూట వెళ్ళు, తోడు ఎవరినైనా తీసుకెళ్ళు. వెళ్ళొచ్చి వెంటనే రాయి.

పిన్ని


లింగంపల్లి,
ఏప్రిల్ 1999

పిన్నీ,

వెళ్ళొచ్చాను. ఒంటరిగానే వెళ్ళాను. నన్ను ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేది.

పుప్పాలగూడ ఇంకా పల్లెటూరే. చుట్టూ బండరాళ్ళు, మధ్యలో అక్కడక్కడా అపార్ట్‌మెంట్లకు తవ్విన పునాదులు. పుల్లయ్య ఇల్లు ఎక్కడని అడిగితే ఒకావిడ “గా పెండ్లాం చేతుల సచ్చిన పుల్లయ్యనా?” అని దారి చూపించింది. రుక్కమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆ దారి చూపించినావిడే, చింతపండు ఉందా అని ఆమెను అడిగింది. “లేదక్కా, అయిపోయింది” అంది రుక్కమ్మ. అని, గిన్నె పట్టుకుని అలాగే ఆగి, “నేను సక్కగనే చెప్పిన్నా?” అని అడిగింది. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏం మాట్లాడినా చివర అదే అడుగుతోంది పిన్నీ. నన్ను కూర్చోమంది, మళ్ళీ అదే అడిగింది. గుక్కెడు నీళ్ళు తాగమంది, మళ్ళీ అదే. 

ఆమె ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాను. నువ్వు పడది అన్నావు, నేను పడ్డది అనుకున్నాను, మా వైపు మాట వేరు, తప్పు నాది, నీది కానే కాదు అని. గిన్నె కింద పెట్టి శ్రద్ధగా విన్నది. మొహంలో ఏదో మెరిసింది కూడా.

“గట్లనా బిడ్డా? నేను పడది అనే అన్ననా?”

“అన్నావమ్మా.”

“నువ్వు మంచిగ విన్నవా?”

“వినలేదమ్మా. అదే కదా చెబుతున్నాను, నేను సరిగా వినలేదు.”

“ఇనకపోతె మల్ల, నేను గట్లనే అన్నట్టు నీకెట్ల ఎర్క?” అంది.

చెయ్యి ఆడించావు కదా అన్నాను. మందు పేరు గుర్తుపెట్టుకున్నావు కదా అన్నాను. వార్డులో విన్న పాల మాట చెప్పాను. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆ మొహంలో వెలుగు తగ్గిపోతూ వచ్చింది. నేనే నా కళ్ళతో చూశాను. చివరికి నా చెయ్యి నిమిరి, “నా మీది పావురంతోని, జాలితోని అంటున్నవు. గంత పెద్ద దవాఖానోళ్ళు, గన్ని మిషిన్లు పెట్టి చూసినోళ్ళు, నాది తప్పు లేకపోతె నాదని ఎందుకంటరు? నేనే సక్కగ చెప్పలే. గాబరల ఏమన్ననో, నాకే యాది లేదు” అంది.

అప్పుడు లోపల్నుంచి రాజమ్మ వచ్చింది. వయసు మీదపడ్డ మనిషి, కళ్ళు సరిగా ఆనవు. గుమ్మంలోనే కూలబడి అంతా విన్నట్టుంది.

“అయితె చెప్పు బిడ్డా, నా కొడుకును ఎవలు సంపిన్రు? డాక్టర్ సాబా? గా మిషినా? మీ పెద్దసారా? నాకు ఒక్క మనిషిని చూపెట్టు. ఎవల్నని తిట్టాలె నేను?”

“నన్నే తిట్టమ్మా. నేనే” అన్నాను. ఏడుస్తూ ఆమె కాళ్ళు పట్టుకున్నాను. నన్ను లేపి, మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఆ చూపులో కోపం కోసం వెతికాను పిన్నీ, ఒట్టు, కనపడితే చాలనుకున్నాను.

“నువ్వు మంది పిల్లవు, పరాయిదానివి. పొట్టకు వచ్చినదానివి. నిన్నెంత తిట్టినా, పొద్దుగూకెటాలకు నువ్వు నీ ఇంటికి పోతవు” అంది.

అని, నా భుజం మీద చెయ్యి తీసి, కోడలి వైపు తిరిగింది. “ఓసి రుక్కీ! దేవుడు నోరిచ్చె, ఒక్క మాట సక్కగ చెప్పరాకపాయెనే నీకు, నా కొడుకును మింగితివి గదనే” అని మొదలుపెట్టింది. నా ఎదురుగానే. నేను చెప్పిందంతా విన్నాక. రుక్కమ్మ తల వంచుకుని, గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని, నాతో మెల్లగా “నువ్వు పో బిడ్డా, బస్సు పోతది” అంది.

అని నా మొహంలోకి చూసి, సక్కగనే చెప్పిన్నా అని అడిగింది. చెప్పావమ్మా అన్నాను. వెళ్ళి బస్సెక్కాను.

సంయుక్త